మూడు కాళ్ళు, రెండు నిమిషాలు

నా కెమెరా సంచీ బరువు ఐదు కిలోల నాలుగు వందల గ్రాములు. మా వీధి చివర పాత పేపర్లు కొనే కొట్లో వేలాడే కాటాకి తగిలించి తూయించాను. కొట్టతను ముల్లు చూసి, "దీన్ని కూడా కిలోల లెక్కన వేస్తారా మేడమ్?" అని నవ్వాడు. వెయ్యను గానీ, ఆ అంకె తెలుసుకోవాలని చాలా రోజులుగా ఉంది. బరువు గురించి మాట్లాడేటప్పుడు మగ మిత్రులు గ్రాములతో సహా చెబుతారు. నేను మాత్రం "భుజం నొప్పి" అంటూ వచ్చాను. వాళ్ళది సాంకేతిక చర్చ, నాది ఆడవాళ్ళ మూలుగు అయిపోయింది.

సంచీలో ఉన్నవి గొప్ప వస్తువులేం కావు. 2010లో వచ్చిన నికాన్ డి7000 కెమెరా, 2014లో సెకండ్‌హాండ్‌లో కొన్నాను. దానితోపాటు వచ్చిన 18-105 లెన్సు. రెండేళ్ళు డబ్బు దాచుకుని కొన్న 11-16 టోకినా వైడ్ లెన్సు. ఒక పోలరైజర్, ఒక ముదురు ఎన్.డి. ఫిల్టర్, కేబుల్ రిలీజ్, అదనపు బ్యాటరీ, టార్చిలైటు, వాన వస్తే కప్పడానికి పాలిథిన్ కవరు, అద్దాలు తుడవడానికి మా అమ్మ పాత నూలు చీర ముక్క. ఆ చీర ముక్కని మించిన లెన్సు గుడ్డ ఇంతవరకు నాకు దొరకలేదు. వీటికి తోడు కిలోన్నర ట్రైపాడ్. ఇప్పుడందరూ మిర్రర్‌లెస్ కెమెరాలకు మారిపోయారు, అవి తేలిక. నా జీతం, నా ఇల్లు, నా ప్రాధాన్యాలు చూసుకుంటే ఈ పాతదే ఇంకొన్నాళ్ళు నడవాలి. అరవై ఏళ్ళకి కూడా కొండలెక్కాలంటే మాత్రం బరువు తగ్గించుకోక తప్పదు.

ప్రకృతి దృశ్యాలు తీసే అభిరుచి ఉన్నవాళ్ళు "నా సంచీలో ఏముంది" అని రాస్తుంటారు. నేల మీద గుడ్డ పరిచి వస్తువులన్నీ వరసగా పేర్చి ఫోటో కూడా తీస్తారు. అలాంటివి ఎన్నో చదివాను, చాలా నేర్చుకున్నాను. కానీ నా పరికరాల్లో సగం ఆ గుడ్డ మీద పట్టవు. ఉదాహరణకి ఆటో. కడప నుంచి పుష్పగిరి దగ్గరే, గండికోట దాదాపు 80 కిలోమీటర్లు. సూర్యోదయానికి ముప్పావు గంట ముందు అక్కడుండాలి. ఆకాశం నీలంగా ఉండే ఆ కాసేపటి వెలుతురు కోసమే ఇంత తిప్పలు. అంత చీకట్లో నమ్మి ఎక్కగలిగిన ఆటో అన్న ఒకాయన ఉన్నాడు. దూరమైతే తనకు తెలిసిన కారు మాట్లాడి తనే నడుపుతాడు. నేను కొండ మీద ఉన్నంతసేపూ కింద ఉంటాడు. ఆ వెయిటింగు చార్జీ నాకు ఏడాదికి ఒక లెన్సు ఖరీదు అవుతుంది. ఫోన్‌లో సిగ్నల్ ఉన్నచోటు ముందే చూసి పెట్టుకోవడం ఇంకో పరికరం. ముందురోజు రాత్రే దోసెపిండి రుబ్బి, కూర తరిగి, అత్తగారి మాత్రలు బయటపెట్టి పడుకోవడం మరొకటి. ముందు రాత్రి నుంచీ నీళ్ళు తాగకుండా ఉండటం అన్నిటికన్నా ముఖ్యమైన పరికరం. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

జేబుల సంగతి కూడా చెప్పాలి. ఫిల్టర్ మార్చేటప్పుడు లెన్సు మూత ఒక జేబులో, ఫిల్టర్ డబ్బా ఇంకో జేబులో ఉండాలి. పుస్తకాలన్నీ అలాగే చెబుతాయి. నా పంజాబీ డ్రెస్సుకి జేబుల్లేవు. మా దర్జీ దగ్గరకెళ్ళి రెండు పక్కలా లోతుగా జేబులు కుట్టమంటే, "లేడీస్‌కి జేబులు పెడితే షేపు పోతుంది మేడమ్" అన్నాడు. షేపు పోనీ అన్నాను. ఆ సంవత్సరం నేను ఫోటోగ్రఫీ మీద పెట్టిన ఖర్చులన్నిటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఆ డెబ్బై రూపాయలే.

వీపు సంచీ సంగతి వేరు. బరువు భుజాల మీద కాకుండా నడుం మీద పడాలని దానికి నడుం పట్టీ పెడతారు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నా సంచీ పట్టీ నడుం దాటి తొడల మీదికి దిగుతుంది. రెండు భుజాల పట్టీల్ని కలిపే అడ్డపట్టీ సరిగ్గా ఛాతీ మీద బిగుసుకుంటుంది. ఆడవాళ్ళ కొలతలకు కుట్టిన ట్రెక్కింగ్ సంచులు వచ్చాయి గానీ, నేను తిరిగిన దుకాణాల్లో కెమెరా సంచుల్లో అలాంటిది నాకు దొరకలేదు.

బరువు గురించి ఆలోచిస్తుంటే శామ్యూల్ బోర్న్ గుర్తొస్తాడు. 1860లలో హిమాలయాల్లో తిరిగి మంచుకొండల ఫోటోలు తీసిన ఇంగ్లీషువాడు. అప్పుడు తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలకలు, రసాయనాలు, అక్కడికక్కడ పలక తయారుచేసి కడగడానికి చీకటి గుడారం, అన్నీ వెంట ఉండాలి. ఆయన పదుల సంఖ్యలో కూలీల చేత మోయించుకుని వెళ్ళాడు. ఆ ఫోటోలు నాకిష్టం. వాటి నిశ్శబ్దం ఇష్టం. కానీ కనుమల్లో నడిచిన ఆ వీపుల గురించి తెలిశాక ఆ నిశ్శబ్దం వేరుగా వినిపిస్తుంది. ఇక్కడినుంచి ఎనభై ఏళ్ళు ముందుకొస్తే, చీర కట్టుకుని ఢిల్లీ వీధుల్లో స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోసిన హొమాయ్ వ్యారవాలా ఉంది. ఆమె తీసింది కొండల్ని కాదు, చరిత్రని. అయినా బరువు బరువే. మోసేవాళ్ళెవరూ లేని ఆడమనిషి సంచీ ఎలా సర్దుకుంటుందన్న ప్రశ్న మా ఇద్దరికీ ఒకటే.

మరి బయటికే వెళ్ళలేని రోజుల్లో? ఆ రోజులు నాకూ ఉన్నాయి. పాప పుట్టాక నాలుగేళ్ళు కెమెరా బీరువాలోనే ఉంది. అప్పుడు ఇమోజెన్ కనింగ్‌హామ్ గురించి చదివాను. ముగ్గురు చిన్నపిల్లల్ని చూసుకుంటూ 1920లలో ఆమె తన పెరట్లోని మొక్కల్నీ పూలనీ తీసింది. 1925 ప్రాంతాల్లో తీసిన మాగ్నోలియా పువ్వు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు. 1932లో కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్‌ల వంటివాళ్ళు ఎఫ్/64 అనే బృందం పెట్టినప్పుడు ఆమె కూడా అందులో ఉంది. ఎఫ్/64 అంటే పెద్ద కెమెరా లెన్సులో బాగా చిన్న రంధ్రం. కాలి దగ్గర రాయి నుంచి దూరాన కొండ దాకా అన్నీ స్పష్టంగా కనబడాలంటే రంధ్రం అంత చిన్నది కావాలి. ఆడమ్స్ ఆ స్పష్టతని యోసెమిటీ కొండలకి వాడాడు, ఆమె గడప దాటకుండానే ఒక పువ్వు లోపలికి వాడింది. పెరడు ల్యాండ్‌స్కేప్ కాదని ఎవరు చెప్పారు?

ఇక ట్రైపాడ్. దీని గురించి నాకు చెప్పుకోవాల్సింది చాలా ఉంది. మసక వెలుతురులో కెమెరా చేత్తో పట్టుకుంటే బొమ్మ అదురుతుంది, కాబట్టి మూడు కాళ్ళ మీద నిలబెడతాం. దాని సాంకేతిక ప్రయోజనం అంతే. మధ్య కొయ్యని పైకి లాగితే గాలికి ఊగుతుంది, లాగకుండా వాడాలంటారు. ఆరడుగుల మగవాళ్ళు ఈ విషయంలో ఇబ్బంది పడుతుంటారు. నాకు ఆ కొయ్య అవసరమే రాదు. పొట్టిగా పుట్టడం నాకు కలిసొచ్చిన సందర్భం ఇదొక్కటే.

అసలు విషయం వేరు. తెల్లవారుజామున ఒక ఆడమనిషి గుట్ట మీద ఒంటరిగా నిలబడి ఉంటే ఆ నిలబడటమే ఒక ప్రశ్న. ఎవరమ్మాయి, ఎందుకొచ్చింది, ఎవరైనా వస్తారా, దూకుతుందా? దారిన పోయేవాడు బండి ఆపుతాడు. కొందరు మంచికే ఆపుతారు, కొందరు కాదు. అదే మనిషి ముందు మూడు కాళ్ళు పాతి ఉంటే ఆమె "మేడమ్" అయిపోతుంది. పనిమీద వచ్చిన మనిషి. ఆడదానికి చోటులో నిలబడే హక్కు పని వల్లే వస్తుంది. ఊరికే సూర్యుణ్ణి చూడటానికి వచ్చానంటే చెల్లదు. మా అమ్మ అయితే ఇంకో ఉపయోగం కనిపెట్టింది: "అది చేతిలో ఉంటే కుక్కల్నీ మనుషుల్నీ కొట్టొచ్చు, తీసుకుపో." ఇంతవరకు ఎవర్నీ కొట్టలేదు. ఒకసారి విప్పకుండా భుజం మీద పెట్టుకుని నడిచాను, అది చాలింది.

కానీ ఆ "మేడమ్" హోదా ఎక్కడినుంచి వచ్చిందో జమ్మలమడుగు దాటాక ఒక చేను గట్టున తెలిసింది. ట్రైపాడ్ నిలబెట్టి ఎర్రమల కొండల మీద వెలుతురు కోసం చూస్తున్నాను. వేరుశెనగ చేలో నుంచి ఒకావిడ గబగబా వచ్చింది. "ఏం మేడమ్, కొలిచేదానికి వచ్చినారా? మా చేను పోతాదా ఏమి?"

నవ్వొచ్చే ప్రశ్న కాదది. ఆ ప్రాంతంలో మూడు కాళ్ళ మీద ఏదైనా నిలబడిందంటే భూమి కొలతే. గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు, 2020లో, తాళ్ళప్రొద్దుటూరు మునిగి ఊరు ఊరంతా లేచిపోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ నీళ్ళ మీద సూర్యోదయం చాలా అందంగా ఉంటుంది. నేనూ తీశాను. ఆమెకి కెమెరా చూపించాను, ఫోటోలని చెప్పాను. నమ్మలేదు. "ఫొటోలు తీసినాకే కదా కొలిచేది" అంది.

ఆమె అన్నదాంట్లో చరిత్ర ఉంది. మద్రాసు ప్రాంతంలో 1802లో లాంబ్టన్ మొదలుపెట్టిన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేలో కొండ మీద మొదట నిలబడింది కొలత యంత్రాలే. కెమెరా కాళ్ళు ఆ తర్వాత వచ్చాయి. మన హైదరాబాదు నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ చదివింది రూర్కీలో ఇంజనీరింగు, మొదట చేసింది ఇండోరులో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం. కోటలూ కొండలూ గుళ్ళూ తీయడం ఆ తర్వాత. ఆయనే 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టాడు, దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషావిడ. ఆలోచించి చూస్తే, బయటి నేల అంతా మగవాళ్ళ కెమెరాకి, నాలుగు గోడల మధ్య తెరలు కట్టిన గది ఆడవాళ్ళకి అన్న పంపకం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గోడ దాటి వచ్చి నేను నిలబడ్డ చోట, నా చేతిలో ఉన్న వస్తువు ఇంకో ఆడమనిషికి తన చేను పోతుందన్న భయంగా కనబడింది. ఏ ఫోటోగ్రఫీ పాఠంలోనూ ఇది ఉండదు. అప్పటినుంచి ఊరి దగ్గర ట్రైపాడ్ విప్పేముందు చేలో ఎవరైనా ఉంటే ముందు వెళ్ళి మాట్లాడతాను. ఈలోపు వెలుతురు పోయిన రోజులున్నాయి.

చివరగా ఆ ఎన్.డి. ఫిల్టర్. బొగ్గులా నల్లటి అద్దం. లెన్సు ముందు బిగిస్తే వెలుతురులో వెయ్యో వంతు మాత్రమే లోపలికి వస్తుంది. పది స్టాపులంటారు, ప్రతి స్టాపుకీ సమయం రెట్టింపు చేసుకుంటూ పోతే పదోసారికి 1024 రెట్లు. ఎనిమిదో వంతు సెకనులో అయిపోయే ఫోటోకి రెండు నిమిషాల ఎనిమిది సెకన్లు పడుతుంది. ఈలోగా కదిలే నీళ్ళు పాలమీగడలా నున్నగా అయిపోతాయి, మబ్బులు గీతలవుతాయి. దీన్ని వాడటం ఒక తంతు. నల్లటి అద్దంలోంచి ఏమీ కనబడదు కాబట్టి ముందే ఫోకస్ చేసుకుని ఆటోఫోకస్ ఆపేయాలి. కెమెరా తనంతట తాను 30 సెకన్లకి మించి తెరిచి ఉంచదు, కేబుల్‌తో తెరిచి గడియారం చూసుకోవాలి. వెనక కన్ను పెట్టే గవాక్షం నుంచి వెలుతురు దూరకుండా కప్పాలి. నేను చున్నీ కప్పుతాను.

తెరిచాక, రెండు నిమిషాలు ఏమీ చెయ్యడానికి లేదు. ముట్టుకుంటే బొమ్మ చెడుతుంది. ఆ రెండు నిమిషాలంటే నాకెంత ఇష్టమో చెప్పలేను. రోజు మొత్తం మీద ఎవరికోసం ఏ పనీ చేయకుండా, ఒక పరికరం ఒప్పుకోలుతో, చేతులు కట్టుకుని నిలబడే సమయం అదొక్కటే. ఈ ఫిల్టర్‌ని నేను కొన్నది నీళ్ళ కోసమేనా అని ఒక్కోసారి అనుమానం.

పుష్పగిరి దగ్గర పెన్నలో నీళ్ళున్న ఒక మబ్బు ఉదయం. అవతల గుడి గోపురం, మధ్యలో నీళ్ళు, ఇటువైపు బండలు. బండల దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. ఊరి బట్టలు ఉతికే కుటుంబాల వాళ్ళు. ఉతికిన చీరలు పక్క బండల మీద ఆరేశారు. వాళ్ళతో మాట్లాడి, తీయనా అని అడిగి, ఫిల్టర్ బిగించి తీశాను. తెర మీద బొమ్మ వచ్చాక వాళ్ళలో పెద్దావిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసింది. గోపురం ఉంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎరుపు, పసుపు చీరలు బండల మీద మడత మడతా కనబడుతున్నాయి. ప్లాస్టిక్ బకెట్టు కూడా ఉంది. నీళ్ళ అంచున పొగలాంటి రెండు మరకలు.

"చీరలుండాయి, బకెట్టుండాది. మేం యాడుండామమ్మా?" అంది.

కదిలే వాళ్ళు పడరని చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి మిగతావాళ్ళకి కేకేసి చెప్పింది: "పని జేసేటోళ్ళు పడరంటమ్మే ఇందులో!" అందరూ నవ్వారు. ఒక చిన్నపిల్ల, "అయితే రెండు నిమిషాలు కదలకుండా నిలబడదాం" అంది. పెద్దావిడ, "నిలబడితే ఈ మూటెవరు ఉతుకుతారు, ఈ మేడమా?" అంది. నేనూ నవ్వాను.

ఇది ఆ ఫిల్టర్ లోపం కాదు. దాని పనే అది. ఫోటోగ్రఫీ పుట్టినప్పటినుంచీ ఈ పని జరుగుతోంది. 1838లో డగేర్ పారిస్‌లోని బులవార్ దు తాంప్ల్ అనే రద్దీ వీధిని పై అంతస్తు కిటికీ నుంచి తీశాడు. పలక మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. బళ్ళు, గుర్రాలు, మనుషులు అందరూ మాయమై వీధి ఖాళీగా వచ్చింది. ఒక మూల ఒక మనిషి మాత్రం తెలుస్తాడు. కాలు ఎత్తిపెట్టి బూట్లు తుడిపించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు కాబట్టి. ఫోటోలో పడ్డ తొలి మనిషి అని ఆయన్నే చెబుతారు. ఆ బూట్లు తుడుస్తున్న మనిషి మసకగా, ఆకారం తేలకుండా ఉంటాడు. చేయించుకునేవాడు నిలిచాడు, చేసేవాడు చెదిరిపోయాడు. పుష్పగిరి పెద్దావిడ ఒక్క చూపులో చెప్పిందీ అదే.

కదిలేవాళ్ళని కాలం చెరిపేస్తే, కొన్నిచోట్ల మనుషులు చెరిపేశారు. ఖాళీగా, పవిత్రంగా కనబడే యోసెమిటీ లోయలోకి 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వెళ్ళి అక్కడి ఆదివాసుల్ని తరిమింది. ఆడమ్స్ కెమెరా అక్కడికి చేరేసరికి ఆ ఖాళీ తయారై ఉంది. ఇది ఆయన ఫోటోల గొప్పతనాన్ని తగ్గించదు. నా గోడ మీద ఆయన అచ్చు ఒకటి ఉంది, తీసెయ్యలేదు. కానీ "ఫ్రేములోకి మనుషులు రాకుండా చూసుకోవాలి" అన్న నియమం ప్రకృతి చేసింది కాదని మాత్రం మర్చిపోను.

ఆ పుష్పగిరి ఫోటోని మేం కొందరం కలిసే ఒక క్లబ్బులో చూపించాను. అందరికీ నచ్చింది. చీరల రంగులు బాగున్నాయన్నారు. అక్కడి పెద్దమనిషి ఒకాయన, "ఆ రెండు మరకలు సాఫ్ట్‌వేర్‌లో తుడిచేస్తే పోటీకి పంపొచ్చు" అని సలహా ఇచ్చాడు. రెండు నిమిషాల్లో తుడవొచ్చు, నిజమే. అవి మనుషులని చెప్పాను. "అందుకే కదా తుడవమంటున్నాను" అన్నాడు, ఎంతో మర్యాదగా.

పోటీకి పంపలేదు. ఫిల్టర్ అమ్మలేదు కూడా. ఆ రెండు నిమిషాలు వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. పనిలేకుండా నిలబడే హక్కు ఆడవాళ్ళకి ఉండాలని నేను క్లాసుల్లో చెబుతాను, అది బండల దగ్గరి ఆడవాళ్ళకి కూడా ఉండాలి కదా అన్నది వేరే వాదన, అది ఏ అద్దంతోనూ తీరదు. ఇప్పుడు మనుషులున్న చోట రెండు ఫోటోలు తీస్తున్నాను. ఒకటి ఫిల్టర్‌తో, ఇంకొకటి అద్దం తీసేసి, నూట ఇరవై అయిదో వంతు సెకనులో, ఎత్తిన చీర నీళ్ళు చిమ్ముతూ గాల్లో ఉండగా. దీనికి ట్రైపాడ్ కూడా అక్కర్లేదు. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ పెంచుతాను, పాత కెమెరా కదా, గరుకు వస్తుంది. పక్కపక్కన పెట్టి ఒకే కాగితం మీద అచ్చు వేయిస్తున్నాను.

మొదటి అచ్చు పట్టుకుని మళ్ళీ పుష్పగిరి వెళ్ళాను. పెద్దావిడ రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది. మనుషులు లేని బొమ్మ వైపే వేలు పెట్టి, "ఇదే బాగుండాది, గుళ్ళో పటం మాదిరి" అంది. రెండోది చూసి, "ఇందులో నా రెక్క చూడు ఎట్లుండాదో, రాత్రంతా నొప్పి" అని మోచేతి నుంచి భుజం దాకా చేత్తో రాసుకుంది. తర్వాత నా సంచీ ఒకసారి ఎత్తి చూసి, తడిసిన దుప్పటి ఇంతకన్నా బరువేనని చెప్పి, మూట దగ్గరికి వెళ్ళిపోయింది.